తోడల్లుడి ఎయిర్ ఫిల్టరు

మా మామగారు నా బండి ఎక్కడం మానేసిన ఆదివారం నాకు బాగా గుర్తుంది. ఆ రోజు మా అత్తగారు గోంగూర రొయ్యలు వండారు. ఎన్నిసార్లు వడ్డించుకున్నానో కూడా గుర్తుంది, ఎందుకంటే ఆ తిన్నదంతా సాయంత్రం నాలుగింటికి కడుపులోనే మండిపోయింది.

ముందు సంగతి చెప్పాలి. మా అత్తగారి ఊరు ఉయ్యూరు. నేను ఆ ఇంటికి పెద్దల్లుణ్ణి. పటమటలో కాపురం, ఒక ఇంటర్ కాలేజీలో సివిక్స్ చెబుతాను. రెండు వారాలకోసారి ఆదివారం నేనూ మా ఆవిడా బండి మీద ఉయ్యూరు వెళ్ళి, భోంచేసి, రాత్రికి తిరిగొచ్చేస్తాం. మామగారికి మోకాలి ఆపరేషనయ్యాక డాక్టరు బండి నడపొద్దన్నాడు. ఆయన చెరుకు తోటేమో ఊరికి నాలుగు కిలోమీటర్ల అవతల, కాలవ గట్టు మీంచి పోవాలి. మామూలు రోజుల్లో ఆటోలోనో, ఎవరో తెలిసినవాళ్ళ వెనకో వెళతారు. మేం వెళ్ళిన ఆదివారం మాత్రం నాలుగు కాగానే కండువా భుజాన వేసుకుని వాకిట్లోకి వచ్చి, “అల్లుడుగారూ, వెళదామా?” అంటారు. ఆ మాట కోసం నేను చెయ్యి కడుక్కున్న దగ్గర్నుంచీ చెవులు రిక్కించుకుని కూర్చునేవాణ్ణి.

నవ్వుకోండి, నాకేం. ఆయన వెనక కూర్చుని నా భుజం మీద చెయ్యి వేసేవారు. పెద్ద చెయ్యి, స్టీరింగు పట్టీ పట్టీ బండబారిపోయిన చెయ్యి. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ట్రాక్టరు రైతంటే ఆయనే. ఆ చెయ్యి నా భుజం మీద ఉండగా ఉయ్యూరు సెంటర్లోంచి వెళుతుంటే టీ కొట్ల దగ్గర జనం లేచి నమస్కారం పెట్టేవాళ్ళు. ఆయన వెనకనుంచి, “మా పెద్దల్లుడుగారు” అని చెప్పేవారు. కాలేజీలో నన్ను చూసి ఎవడూ లేవడు. అందుకని ఆ నాలుగు కిలోమీటర్లూ నాకు పండగ.

ఆయన వెనక ఉంటే నాకు ఎక్కడలేని మాటలూ వచ్చేవి. ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాణ్ణి. పాఠం చెప్పే నోరు కదా, గంట కొడితే తప్ప ఆగదు. ఆయన వెనకనుంచి “ఆఁ, ఆఁ” అనేవారు. మామా అల్లుళ్ళకి ఇంత చనువు ఏ ఇంట్లో ఉంటుందని మురిసిపోయేవాణ్ణి.

ఇక మా తోడల్లుడు. నాకన్నా ఆరేళ్ళు చిన్న, గుడివాడలో టైల్స్ షాపు. నోట్లో నాలుక లేనట్టుంటాడు. ఏదడిగినా “అవునండి అన్నయ్యగారూ”, “లేదండి అన్నయ్యగారూ”, అంతే. పెళ్ళయిన మొదటి ఏడాదే బండి కొన్నాడు. ఏ బండి? నా బండే! అదే కంపెనీ, అదే మోడలు, అదే మూడు వందల యాభై సీసీ. నాది నలుపు, అతనిది ముదురు ఆకుపచ్చ. లోకంలో ఇంక బండ్లే లేనట్టు! “మీది చూసి ముచ్చటపడి కొనుక్కున్నాడు పాపం” అంది మా ఆవిడ. ఆ పాపం అన్న మాట నాకు అస్సలు నచ్చలేదు.

సరే, ఆ ఆదివారం. మేం ముందొచ్చాం. కాసేపటికి వీధి మొదట్లోంచి ఒక చప్పుడు వినపడింది. సైలెన్సరు మోత కాదు. ఎక్కడో లోపల్నుంచి, ఛాతీలోంచి వచ్చినట్టు గుర్రుమని ఒక లోతైన చప్పుడు. వంటింట్లోంచి మా అత్తగారు, “చిన్నల్లుడుగారొచ్చారు” అన్నారు. నాకు చివుక్కుమంది. ఇన్నేళ్ళుగా వస్తున్నాను, నా బండి చప్పుడు విని ఆవిడ ఒక్కనాడు తల తిప్పిన పాపాన పోలేదు.

నాలుగయింది. మామగారు కండువా వేసుకుని వచ్చారు. నేను అప్పటికే తాళం చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఆయన వాకిట్లో పక్కపక్కన ఉన్న రెండు బండ్లనూ చూశారు. చూసి, “మీరు నడుం వాల్చండి అల్లుడుగారూ. ఇవాళ చిన్నల్లుడుగారితో వెళ్ళొస్తాను” అన్నారు.

నడుం వాల్చాలట! నేనేమన్నా పురిటి మనిషినా? ఆయన వెళ్ళి ఆకుపచ్చ బండెక్కి, ఆ చెయ్యి తీసుకెళ్ళి వాడి భుజం మీద వేశారు. వాళ్ళు వీధి మలుపు తిరిగాక కూడా ఆ గుర్రు వినపడుతూనే ఉంది. నేను మంచం మీద పడుకున్నాను గానీ కళ్ళు మూస్తే ఆ చెయ్యే కనపడింది. నడుమైతే వాలింది గానీ రెప్ప వాలలేదు.

వాళ్ళు తిరిగొచ్చాక, ఏదో మాటవరసకి అడిగినట్టు, “ఏంటి బ్రదర్, సైలెన్సర్ మార్చారా?” అన్నాను.

“లేదండి అన్నయ్యగారూ. ఫిల్టరండి.”

“ఏ ఫిల్టరు?”

“ఎయిర్ ఫిల్టరండి.”

అంతే. మూడో ప్రశ్న అడగడానికి నాకు అభిమానం అడ్డొచ్చింది.

తిరుగు ప్రయాణంలో కంకిపాడు దాటేదాకా ఎదురొచ్చిన ప్రతి బండి చప్పుడూ వింటూ నడిపాను. నా బండి చప్పుడు నాకే కుట్టు మిషను చప్పుడులా వినపడింది. వెనకనుంచి మా ఆవిడ, “ఏమండీ, నాన్న అతని బండి ఎక్కినందుకేగా ఈ మూతి ముడుచుకోవడం?” అంది. నేను కాదన్నాను. “అద్దంలో మీ మొహం నాకు కనపడతానే ఉంది. ఆ కుళ్ళు కాస్త తగ్గించుకోండి” అంది. కుళ్ళట! ఉన్న మాటంటే ఒళ్ళు మండుతుందంటారు కదా, నాకు అదే అయింది.

ఆ తర్వాత రెండు నెలలపాటు మేం వెళ్ళిన ప్రతి ఆదివారమూ అదే తంతు. మామగారు రావడం, రెండు బండ్లనూ చూడటం, ఆకుపచ్చ బండెక్కడం. నన్ను నడుం వాల్చమనడం. ఆయనకి ఆ గుర్రు నచ్చిందని తీర్మానించేసుకున్నాను. ట్రాక్టరు మనిషి కదా, ఇంజిను చప్పుడుంటే ఇష్టం ఉండదూ? మరి నేనేం తక్కువ తిన్నానా?

క్లాసులో ప్రాథమిక హక్కులు చెబుతూ మనసులో ఎయిర్ ఫిల్టర్ల గురించి ఆలోచించిన లెక్చరరు ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఫోనులో వీడియోలన్నీ చూశాను. ఒకడు ఇది మంచిదంటాడు, ఇంకొకడు దండగంటాడు. చివరికి ఒక శనివారం ఆటోనగర్ గేటు దగ్గర నేనెప్పుడూ చూపించే మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. యాభై ఏళ్ళ మనిషి. ఆదివారం చర్చికి పోతాడు, కొట్టు తియ్యడు. చెయ్యాల్సింది శనివారమే చేయించుకోవాలి.

ఆయన సైడు ప్యానెల్ తీసి, డబ్బాలోంచి పాత ఫిల్టరు లాగి నా ముందు దులిపాడు. దుమ్ము లేచింది.

“ఇది కంపెనీ కాయితం ఫిల్టరు సార్. ఇంజిను గాలి పీల్చుద్ది, ఆ గాలిలో దుమ్ము పోకుండా ఇది ఆపుద్ది. ఇంతకీ మీకేం కావాలి? పికప్పా, మైలేజా?”

“చప్పుడు” అన్నాను.

ఆయన స్పానరు కింద పెట్టి నా మొహంలోకి చూశాడు. “చప్పుడు కావాలంటే సైలెన్సరు కదా సార్ మార్పించుకుంటారు?”

“పోలీసులు పట్టుకుంటారు. అయినా మా తోడల్లుడు ఫిల్టరే మార్చాడు.”

“ఓహో, తోడల్లుడుగారా!” అన్నాడు. ఆ ఓహోతో నా జాతకమంతా చదివేసినట్టయింది. నాకు చిర్రెత్తింది గానీ పని కావాలి కాబట్టి ఊరుకున్నాను.

తర్వాత నిదానంగా చెప్పాడు. కాయితానికి బదులు నూలు గుడ్డతో చేసిన ఫిల్టరు ఉంటుందట. దానికి పల్చగా నూనె పట్టించి అదే డబ్బాలో కూర్చోబెడతారు. మురికి పడితే కడుక్కుని మళ్ళీ వాడుకోవచ్చు, గాలి కాస్త ధారాళంగా పోతుంది. “మీ తోడల్లుడుగారు అదే వేసుంటారు. దాంతోపాటు డబ్బాకి ముందుండే రబ్బరు మూతి పీకేసుంటారు. అందుకే గుర్రుమంటది. దానివల్ల ఇంజినుకొచ్చే నష్టమేం లేదు. మీకూ అదే వేసేద్దామా?”

నాకూ అదేనా? వాడు నా బండి చూసి బండి కొంటే, నేను వాడి ఫిల్టరు చూసి ఫిల్టరు వేయించుకోవాలా? ఇంకేమన్నా ఉందా! “దానికన్నా పెద్దది లేదా?” అన్నాను.

“ఉంది. డబ్బా మొత్తం పీకేసి, కార్బొరేటరు మూతికే కోను ఫిల్టరు తగిలిస్తారు. రేసు బండ్లకి వేస్తారు సార్. చప్పుడు వీధి చివరిదాకా వినపడుద్ది. కానీ...”

“అదే కావాలి.”

“పూర్తిగా వినండి సార్. గాలి ఎక్కువిస్తే పెట్రోలూ ఎక్కువివ్వాలి. దానికి కార్బొరేటరులో జెట్టు మార్చాలి. ఆ జెట్టు ఇక్కడ దొరకదు, మద్రాసు నుంచి తెప్పించాలి, వారం పడుద్ది. పైగా డబ్బా లేకపోతే ఫిల్టరు బయటికి ఉంటది. మీరు తిరిగేది ఉయ్యూరు వైపు. ఇది చెరుకు కొట్టే రోజులు, ఆకు తగలబెడతా ఉంటారు, గాలంతా మసే.”

“రేపు ఆదివారం” అన్నాను.

“అయితే?”

అయితే ఏమని చెప్పను? రేపు నాలుగింటికి మా మామగారు నా బండి ఎక్కాలయ్యా అని చెప్పుకోలేను కదా. “జెట్టు తర్వాత చూద్దాం. ఇవాళే వేసెయ్యండి” అన్నాను. ఆయన రెండు చేతులూ గుడ్డకి తుడుచుకుని, “మీ ఇష్టం సార్. నా బండికైతే నేను వెయ్యను” అన్నాడు.

ఆయన దగ్గర ఆ కోను లేదు. వన్ టౌన్‌లో హోల్‌సేల్ సందుల్లో దొరుకుతుందన్నాడు. ఎండలో ఆటో ఎక్కి వెళ్ళాను. తోపుడు బండ్ల మధ్య నడుచుకుంటూ నాలుగు కొట్లు తిరిగితే ఒకచోట దొరికింది. కొట్టాయన మూడు సైజులు బల్ల మీద పెట్టి ఏ బండికని అడిగాడు. చెప్పాను. మధ్యది తీసిచ్చాడు. నేను దాన్ని పక్కకి నెట్టి అన్నిటికన్నా పెద్దది, ఎర్ర రంగుది చూపించాను. నేను బండికి కొనడం లేదని ఆయనకేం తెలుసు?

సాయంత్రానికి బిగించాడు. స్టార్ట్ చేస్తే, అబ్బో! పక్క షెడ్డువాళ్ళు బయటికొచ్చి చూశారు. గాలి లోపలికి లాక్కునేటప్పుడు హోరుమని, వదిలేటప్పుడు బుస్సుమని. యాక్సిలేటరు తగ్గిస్తే మాత్రం టప్పుమని ఒక పేలుడు. మెకానిక్ మొహం చిట్లించాడు. నేను కాలరు సర్దుకున్నాను.

మర్నాడు బందరు రోడ్డు పొడుగునా జనం తలలు తిప్పి చూశారు. పెనమలూరు దాటేసరికి మా ఆవిడ కొంగుతో చెవులు కప్పేసుకుంది. “ఇదేం బండండీ బాబూ, మనం వెళ్ళేది మా ఇంటికా, యుద్ధానికా?” అని అరిచింది. ఆ అరుపు కూడా నాకు సగమే వినపడింది. కాళ్ళకి ఇంజిను సెగ మామూలుకన్నా ఎక్కువ తగులుతోందని తెలుస్తూనే ఉంది. తెలిసినా నాకు లెక్కేముంది?

ఇంటి ముందు ఆపగానే మా అత్తగారు గరిటతోనే బయటికొచ్చారు. “మీరా! ట్రాక్టరొచ్చిందనుకున్నా” అన్నారు. నేను దాన్ని మెచ్చుకోలు కిందే జమకట్టాను. మా తోడల్లుడు వచ్చి బండి పక్కన గొంతుక్కూర్చుని చూశాడు.

“డబ్బా తీసేశారా అన్నయ్యగారూ?”

“ఆఁ.”

“జెట్టు మార్పించారాండీ?”

“అదంతా చూసుకున్నాంలే” అన్నాను. పచ్చి అబద్ధం. అతను సరేనన్నట్టు తల ఊపి లేచాడు. అతని చూపు మాత్రం ఇంకాసేపు ఆ ఎర్ర కోను మీదే ఉంది. ఏడు, బాగా ఏడు అనుకున్నాను.

నాలుగయింది. మామగారు కండువాతో వచ్చారు. రెండు బండ్లనూ చూశారు. “మీదోసారి స్టార్ట్ చెయ్యండి అల్లుడుగారూ” అన్నారు. చేశాను. ఆయన చెవి కాస్త ఇటు తిప్పి విన్నారు. మొహం విప్పారింది. “బావుంది. మీతోనే వస్తా” అని ఎక్కేశారు. ఆ చెయ్యి వచ్చి నా భుజం మీద పడింది. తోడల్లుడు నవ్వుతూ గేటు తీసి పట్టుకున్నాడు. ఆ నవ్వులో నాకు ఏడుపే కనపడింది. కనపడాలని నేను కోరుకున్నది అదే మరి.

ఇంక చూడండి నా నోరు! రెండు నెలల మాటలు. కాలవ గట్టెక్కిన దగ్గర్నుంచి అందుకున్నాను. పోయిన నెల పెళ్ళికి మీ చిన్నమ్మాయిని ఒక్కదాన్నే బస్సులో పంపించాడు, ఇదేం పద్ధతండీ? షాపులో ఎవరొచ్చినా నోరు విప్పడు, అలాగైతే వ్యాపారం ఎలా సాగుద్ది? మొన్న మా ఇంటికొచ్చి కాఫీ తాగకుండా వెళ్ళిపోయాడు, మేం పరాయివాళ్ళమా? ఇలా గొంతు చించుకుని చెబుతూనే ఉన్నాను. వెనకనుంచి “ఆఁ, ఆఁ” అని వినపడుతూనే ఉంది. మధ్యలో ఇంజిను రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టింది. పట్టించుకోలేదు.

తోట దగ్గర బండి ఆపాను. సగం చెరుకు కొట్టేశారు. పక్క చేలో ఆకు తగలబెట్టారు కాబోలు, నల్లటి మసి పొరలు పొరలుగా గాలిలో తేలుతూ వచ్చి మా చొక్కాల మీద పడుతోంది. ఇంజిను ఆగాక అంత హోరు తర్వాత అంతా నిశ్శబ్దం.

“నేను చెప్పింది కాస్త ఆలోచించండి మావయ్యగారూ” అన్నాను.

“ఏం చెప్పారు?”

“అదే, ఇందాకట్నుంచి చెబుతున్నాగా!”

“ఒక్క ముక్క వినపడలేదు అల్లుడుగారూ” అన్నారు ఆయన నవ్వుతూ. “అందుకేగా ఎక్కింది!”

నాకు అర్థం కాలేదు. ఆయన కండువాతో మొహం మీది మసి తుడుచుకుని, గట్టు మీద మెల్లగా కూర్చున్నారు.

“ఏమీ అనుకోకండి. మీ బండి మెత్తగా పోద్ది. నాకు మొదట్నుంచీ అదే సుఖం. కానీ ఎక్కిన కాణ్ణించి దిగేదాకా అతని మీద ఏదో ఒకటి చెప్తానే ఉంటారు. తోటకొచ్చేసరికి నాకు తలనొప్పొచ్చేది. ఇద్దరూ నా అల్లుళ్ళే కదండీ. మీ మాటలు విని ఇంటికెళ్ళి అతని మొహం ఎట్టా చూడను? అతను ఆ రబ్బరేదో పీకేసినాక ఆ బండి మీద కూర్చుంటే ఎవరి మాటా ఎవరికీ వినపడదు. హాయిగా ఉంది. ఇప్పుడు మీదీ అంతేగా. ఇంక ఏ బండైనా ఒకటే.”

కోపంగా అనలేదు. వెక్కిరింతగానూ అనలేదు. మోకాలి నొప్పి గురించి చెప్పినట్టే చెప్పారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళ “ఆఁ, ఆఁ” అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. అప్పుడైనా నోరు మూసుకోవాలా వద్దా? లేదు. “అతను నా మీద ఏమీ చెప్పడా?” అని అడిగాను. చెబితే బావుండునని ఎంత ఆశపడ్డానో దేవుడికి తెలుసు.

“ఏం చెప్తాడు? ఒకసారి ఇక్కడ బండాపినప్పుడు అన్నాడు. అన్నయ్యగారు మీతో దారంతా కబుర్లు చెప్తారు, నాకేమో ఏం మాట్లాడాలో తోచదండీ అని. మీరంటే అతనికి కాస్త కుళ్ళే.”

వాడికి నా మీద కుళ్ళు! ఇదే మాట ముందురోజు విని ఉంటే ఎగిరి గంతేసేవాణ్ణి. ఇప్పుడు విని ఏం లాభం?

తిరుగు దారిలో సగం గట్టు దాటామో లేదో, బండి టప్ టప్ టప్ మని దగ్గి ఆగిపోయింది. కిక్కు కొట్టీ కొట్టీ నా కాలు పడిపోయింది. ఇంజిను దగ్గర చెయ్యి పెట్టలేనంత సెగ. మామగారు ఆ మోకాలితో రెండు కిలోమీటర్లు నడవలేరు. ఆటోలు ఆ గట్టు మీదికి రావు. ఆయన నా వైపు చూశారు. ఫోను తీసి నేనే మా తోడల్లుడికి చేశాను. ఆ నంబరు నొక్కడం నా జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.

ఆ గుర్రు దూరంనుంచే వినపడింది. వచ్చాడు. మామగారు దాని మీద కూర్చుని, చెయ్యి అతని భుజం మీద వేసుకుని వెళ్ళిపోయారు. నేను కాలవ పక్కన నా ఎర్ర కోనుతో మిగిలాను. కాసేపటికి అతను ఒక్కడే మళ్ళీ వచ్చాడు. జేబులో కొత్త ప్లగ్గు, చేతిలో స్పానరు. పాత ప్లగ్గు తీసి చూపించాడు, తెల్లగా కాలిపోయి ఉంది. కొత్తది బిగించి, గాలి కాస్త తగ్గేలా తన జేబురుమాలు తీసి ఆ కోనుకి చుట్టి ముడేశాడు. “మెల్లగా వెళ్ళండి అన్నయ్యగారూ. వెనకే వస్తా” అన్నాడు. ఇంటిదాకా నా వెనకే వచ్చాడు. ఒక్క మాటన్నా అని ఉంటే తిట్టుకోవడానికి నాకు ఆధారం ఉండేది. అనలేదు.

సోమవారం మెకానిక్ ఆ కోను విప్పి, కార్బొరేటరు మూతిలో వేలు పెట్టి తిప్పి, నల్లగా వచ్చిన వేలు నా కళ్ళ ముందు పెట్టాడు. నేను చెప్పానా అని అనలేదు, అది ఆయన మంచితనం. “నూలుది వేద్దామా సార్? మీ తోడల్లుడుగారిలాగా?” అన్నాడు. వద్దన్నాను. డబ్బా, రబ్బరు మూతి, కొత్త కాయితం ఫిల్టరు, అన్నీ కంపెనీ ఎలా ఇచ్చిందో అలాగే పెట్టమన్నాను. బండి మళ్ళీ కుట్టు మిషనైంది.

ఆ తర్వాత వెళ్ళిన ఆదివారం నాలుగింటికి నేను తాళం జేబులోనే ఉంచుకుని అరుగు మీద కూర్చున్నాను. మామగారు వచ్చి రెండు బండ్లనూ చూశారు. “మీది మళ్ళీ మామూలుగా చేయించారే” అన్నారు.

“మాట్లాడను మావయ్యగారూ” అన్నాను.

ఆయన గట్టిగా నవ్వేశారు. “పదండి” అన్నారు.

గట్టు మీద బండి మెత్తగా పోతోంది. మాట్లాడకుండా ఉండటం ఇంత కష్టమని నాకు తెలీదు. ఆ రోజు మా తోడల్లుడు కొత్త హెల్మెట్టు పెట్టుకుని వచ్చాడు, దాని మీద చెప్పాల్సింది నాకు బోలెడుంది. పళ్ళు బిగించి ఊరుకున్నాను. కాలవ మలుపు తిరిగాక వెనకనుంచి మామగారే అందుకున్నారు.

“నాకూ ఒక తోడల్లుడు ఉండేవాడు అల్లుడుగారూ. పక్క ఊరే, చేలు కలిసే ఉండేవి. నాకన్నా ముందు ట్రాక్టరు కొన్నాడు. ఆ చప్పుడు వింటుంటే నాకు అన్నం దిగేది కాదు. పట్టుబట్టి నేనూ కొన్నాను. ఆ రోజుల్లో ట్రాక్టరు ఫిల్టరు అడుగున గిన్నె ఉండేది, అందులో ఆయిలు పొయ్యాలి. గాలి ఆయిలు మీంచి పోతే దుమ్మంతా అందులోనే పడిపోద్ది. కుప్ప నూర్పిళ్ళప్పుడు రోజూ పొద్దున్నే గిన్నె కడిగి, కొత్త ఆయిలు పోసుకుని బయల్దేరాలి. ఓ రోజు గిన్నె కడిగానో లేదో, అవతల అతని ట్రాక్టరు చప్పుడు వినపడింది. నాకన్నా ముందే కళ్ళంలోకి దిగిపోయాడని ఖాళీ గిన్నె తగిలించుకుని పరిగెత్తా. అతనికన్నా ముందు నూర్చెయ్యాలన్న కంగారులో ఆ తర్వాత రోజులు కూడా దాని మొహం చూడలేదు. పొట్టు దుమ్మంతా ఇంజిన్లోకి పోయి, రింగులరిగిపోయి, పొగ కక్కి కూర్చుంది.”

“తర్వాత?” అన్నాను. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు.

“తర్వాతేముంది? సగం కుప్ప మిగిలిపోయింది. వెళ్ళి అతన్నే పిలుచుకొచ్చా. అతని ట్రాక్టరుతోనే నూర్చుకున్నా. ఒక్క మాట అనలేదు మహానుభావుడు. అననందుకు ఇంకా మండింది.”

నేను నవ్వాను. వెనక ఆయనా నవ్వారు. ఇన్నేళ్ళుగా ఈ భుజం మీద చెయ్యేసుకుని కూర్చున్న మనిషి దగ్గర ఇలాంటి కథలుంటాయని నాకు తట్టనే లేదు. ఆయన నోరు విప్పేందుకు నేనెప్పుడు సందిచ్చాను గనక? మనసు మెత్తబడింది. మెత్తబడిన ఆ క్షణంలోనే, ఛీ, నా బుద్ధి పోనిచ్చానా? ఎంత ఆపుకుందామన్నా ఆగక అడిగేశాను.

“ఇది చిన్నల్లుడికి కూడా చెప్పారా మావయ్యగారూ?”

“ఆ బండి మీద ఏం చెప్తామండీ” అన్నారాయన. “ఆ చప్పుడులో ఏం వినపడుద్ది?”

అద్దంలో నా మొహం నాకే కనపడి చూపు తిప్పుకున్నాను. ఆ ట్రాక్టరు కథ నా గురించేనని నాకు అర్థమైంది. అయినా చిన్నల్లుడికి తెలియని ముక్క ఒకటి నాకు తెలుసన్న సంతోషం ఒళ్ళంతా పాకింది, దాన్ని ఏ ఫిల్టరూ ఆపలేదు. ఆయన ఇంకేదో చెప్పడం మొదలుపెట్టారు. వినపడాలని రెండో గేరు దాటకుండా తోటదాకా తీసుకెళ్ళాను.